కూర్మయ్య ఇంటి రంగం పెట్టె

ఈ మధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. అవతల అందరూ కుర్రాళ్ళే. "సార్, పాత కిటుకు పెట్టెలు, కిటుకు తాళాలు సేకరిద్దామనుకుంటున్నాం. ఎక్కడ దొరుకుతాయో చెబుతారా?" అని అడుగుతారు. అదొక్కటీ ఫోన్లో చెప్పేస్తే ఇక నేను చేసిన పనేముంది నాయనా? టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా, మధ్యలో ఉద్దానం ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగాను, మోపెడ్ మీద తిరిగాను, మోకాళ్ళు మొరాయించాక ఆటోల్లో తిరిగాను. ఇప్పుడు మానేశాను. రావివలస రోడ్డులో ఇంట్లో కూర్చుని, అడిగినవాళ్ళందరి మీదా విసుక్కుంటున్నానని మా ఆవిడ గోల. విసుక్కోవడం కంటే రాసి పెట్టడం మేలు కదా అని ఇది మొదలుపెట్టాను.

తెలియనివాళ్ళ కోసం ముందు ఒక మాట. కిటుకు పెట్టెకి తాళం చెవి ఉండదు, మూత ఎక్కడుందో కూడా కనిపించదు. ఏదో ఒక కాలు తిప్పితే పక్క చెక్క జరుగుతుంది, అది జరిగితే లోపలి గడియ వదులవుతుంది, అప్పుడు మూత లేస్తుంది. కిటుకు తాళంలో చెవి దూరే రంధ్రం ఏ ఇత్తడి పువ్వు వెనకో దాగి ఉంటుంది. లేదంటే చెవిని ముందు తప్పు వైపు తిప్పితే గాని సరైన వైపు తిరగదు. ఇవి మా వైపు ఎందుకున్నాయంటే, మా తాతల కాలంలో ఈ తీరం నుంచి జనం కుటుంబాలకు కుటుంబాలుగా రంగం వెళ్ళారు. రంగూన్‌ని మేం రంగం అంటాం. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు, వస్తూ వస్తూ అక్కడి టేకు పెట్టెలు తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆ ఇళ్ళని రంగం వాళ్ళ ఇళ్ళనే అంటారు.

నేను ఎన్ని కొన్నాను, ఎవరికి అమ్మాను అన్నది రాయను. అది వినడానికి బాగుంటుంది గాని మీకు పనికిరాదు.

షావుకారు దగ్గర నేర్చుకున్నది

నాకు పని నేర్పినాయన విశాఖపట్నంలో పాత సామాన్ల దుకాణం నడిపేవాడు. షావుకారు అనే పిలిచేవాళ్ళం, ఇక్కడా అలాగే రాస్తాను. మహా నోటి దురుసు మనిషి. నా పేరు ఏనాడూ పలకలేదు, "ఒరే టెక్కలీ" అనేవాడు. మొదటి రోజే హెచ్చరించాడు.

"ఇంట్లోకి వెళ్ళగానే పెట్టె చూపించమని అడిగావా, వీపు చీరేస్తాను. ముందు కూర్చో. వాళ్ళిచ్చిన నీళ్ళు తాగు. పంటల గురించి అడుగు, గేదె గురించి అడుగు. పెట్టె సంగతి వాళ్ళే తీస్తారు. తీయలేదా, నోరు మూసుకుని లేచి రా."

నీళ్ళు తాగమన్న ఆ మాటకి ఉద్దానంలో ఎంత బరువుందో తర్వాత తెలిసింది. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక సేకర్త వచ్చాడు. బాగా చదువుకున్నవాడు, తాళాల మీద గంటల తరబడి మాట్లాడగలడు. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఇంట్లో మంచి పెట్టె ఉందని తీసుకెళ్ళాను. ఆ ఇంటి కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మనవాడు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, నా దగ్గరుంది" అంటూ సంచిలోంచి సీసా తీశాడు. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరు కిడ్నీ జబ్బుతో పోయారు. గుమ్మంలో కూర్చున్న ముసలాయన లేచి నిలబడ్డాడు.

"మా నీల్లంటే మీకు బయ్యం. బయపడితే తప్పునేదు బావూ. గాని మా నీల్లు తాగనోలికి మా పెట్టెందుకు? ఎల్లిపోండి."

అంతే, వచ్చేశాం. కార్లో అతను "ఆరోగ్యం విషయం కదండీ, ఇందులో తప్పేముంది" అంటూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ జబ్బు నీళ్ళ వల్లో, మట్టి వల్లో, మరిదేని వల్లో తేల్చడానికి పెద్ద పెద్ద డాక్టర్లే తల పట్టుకుంటున్నారు. ఆ నీళ్ళు తాగే మనిషి ఎదురుగా సీసా తీయడానికి ఎంత మొద్దు మనసుండాలి! నేనైతే ప్రతి ఇంట్లోనూ తాగాను. మిమ్మల్ని తాగమని బలవంతం చెయ్యను. తాగలేనివాళ్ళు ఉద్దానంలో ఈ పని పెట్టుకోకండి.

షావుకారు నేర్పిన రెండో సంగతి, కొనేముందు పెట్టెను ఇంటివాళ్ళ చేతే తెరిపించడం. "నీకు కిటుకు తెలిసినా తెలియనట్టే కూర్చో" అనేవాడు. వాళ్ళ తాత ముత్తాతల రహస్యాన్ని నువ్వు చిటికెలో విప్పేస్తే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. నేను చూశాను అలా వాడిపోయిన ముఖాలు. ఇంకో కారణం కూడా ఉంది. ఈ పెట్టెల కిటుకు మాటతో చెప్పేది కాదు. అత్త కోడలి చేతిని తన చేత్తో పట్టుకుని చెక్క మీద పెట్టి, "ఇదిగో ఇక్కడ నొక్కు, ఇప్పుడు జరుపు" అని చూపిస్తుంది. తండ్రి కొడుక్కి అలాగే చూపిస్తాడు. చెయ్యి పట్టి చూపించడం అంటారు దాన్ని. ఏ వేలు ఎక్కడ పెట్టారో, ఎంత బలం పెట్టారో మీరు పక్కన కూర్చుని చూడాలి.

అన్నీ మంచే రాస్తే షావుకారే నవ్వుతాడు. అమ్మేటప్పుడు ఆయన నోట నిజం వచ్చేది కాదు. టెక్కలి సంతలో దొరికిన తాళాన్ని కూడా జమీందారు ఖజానాకి వేసిన తాళమని చెప్పేవాడు. కొన్నవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఆ విషయంలో ఆయన్ని అనుసరించకండి. ఒక వస్తువు ఎవరి ఇంట్లో ఉండేదో అబద్ధం చెబితే, నిజంగా దాన్ని వాడిన మనుషుల్ని చెరిపేసినట్టే.

నకిలీల గురించి ఒక్క ముక్క. కొత్త ఇత్తడిని చింతపండు నీళ్ళలో నానబెట్టి, పేడగుంటలో పాతిపెట్టి పాతదని తెస్తారు. రంగు చూసి మోసపోకండి. బొటనవేలు పడే చోట చూడండి. తరాల తరబడి తెరిచిన పెట్టెకి అక్కడ చెక్క లోపలికి అరిగి నున్నగా ఉంటుంది. ఆ అరుగుదలని తయారుచేసే మోసగాడు నాకింతవరకూ తగల్లేదు.

కూర్మయ్య

ఇక అసలు చెప్పదలుచుకున్నది. నేను పని మానేయడానికి కొంచెం ముందు ఒక ఫోన్ వచ్చింది. బలహీనమైన గొంతు.

"తాలాలు తెరిసే బావేనా? పలాసలో నాతోపాటు డయాలసిస్‌కొచ్చే ఆయన మీ నెంబరిచ్చినాడు. మాకాడ ఒక రంగం పెట్టుంది. బేగి రావాల."

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. కూర్మయ్యకి డెబ్బై దాటాయి. కొబ్బరి, జీడి తోటల రైతు. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. వారంలో రెండుసార్లు పలాస తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. భార్య ఢిల్లమ్మ నాకు చెంబుతో నీళ్ళిచ్చింది. నేను తాగుతుంటే కూర్మయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయనకి రోజుకి ఇన్నే నీళ్ళని డాక్టరు కొలత పెట్టాడు. ఎదుటివాడు గటగటా తాగుతుంటే చూడలేడు. ఆ రోజు నుంచి ఆయన ఎదుట చెంబెత్తడం మానేసి, లోపలికి వెళ్ళి తాగేవాణ్ణి.

పెట్టె ఇంట్లో లేదు. జీడితోటలో పాక ఉంది, అందులో దూలానికి తాళ్ళతో వేలాడదీసి ఉంది. ఢిల్లమ్మా నేనూ పట్టుకుని దించాం. నల్లటి టేకు, చుట్టూ తామర తీగల చెక్కడం, నాలుగు మూలలా సింహం పాదాలు. మూత గీత వేలికి కూడా తగల్లేదు. అటువంటి పెట్టె అప్పటికి ఒక్కటే చూశాను, అదీ ఫొటోలో.

"ఇంట్లో పెట్టుకోలేదేం?" అని అడిగాను.

"ఇందల మా పెద్దమ్మున్నాది బావూ," అన్నాడు కూర్మయ్య. "అస్తికలు గుమ్మం దాటించకూడదు గదా."

ఆ తర్వాత నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పాడు. ఆయన తండ్రి దాలయ్య పెళ్ళయిన కొత్తలోనే భార్య నీలమ్మని తీసుకుని రంగం వెళ్ళాడు. కొన్నేళ్ళకి యుద్ధం వచ్చింది, రంగం మీద బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచి బయల్దేరారు. నీలమ్మ దారిలో పోయింది. దాలయ్య ఆమెని దహనం చేసి, ఎముకలు మూటగట్టి, ఈ పెట్టెలో పెట్టి, నెత్తిన పెట్టుకుని ఊరికి నడిచొచ్చాడు. మన ఊరి సముద్రంలో కలపాలని. వచ్చీ రాగానే బంధువులు ఇంకో పెళ్ళి చేశారు. ఆ రెండో ఆవిడ కడుపున పుట్టిన మొదటివాడు కూర్మయ్య.

"రేపు కలుపుతాను, పండగెల్లాక కలుపుతాను అంటా అంటానే అయ్య ఏల్లు గడిపీసినాడు. ప్రతి అమావాసకీ పాకలో కూకునీవోడు. ఏటి సేత్తన్నాడో అడిగే దైర్నం మా అమ్మకే నేదు. సివర్లో, నీకు సెయ్యట్టుకుని సూపిత్తాన్రా అన్నాడు. అంతలోనే పచ్చవాతం. ఆ సెయ్యే పడిపోనాది. మాటతో సెప్పబోయినాడు, నాకు బోదపల్లేదు."

"బద్దలు కొట్టి తీద్దామని అనుకోలేదా?"

"వొద్దన్నాడు బావూ. దారంతా దెబ్బలు తిన్నాదిరా అది, నువ్వింకో దెబ్బెయ్యకు అన్నాడు. అదే కడాకరి మాట."

ఢిల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కసిరింది. "కాల్లూ సేతులూ ఆడినన్నాల్లూ ఊసెత్తలేదు. ఇప్పుడు మాత్తరం బేగీ బేగీ అని నా పేనం తీత్తన్నాడు."

"అప్పుడు నాకు టైముందనుకున్నాను," అన్నాడు కూర్మయ్య. "ఇప్పుడు నేదు. నా తరవాత ఆవిడి పేరు తెలిసినోలు ఒక్కలూ నేరు. పిల్లలికిదంతా కతలాగుంటాది. నా సేత్తో ఆవిడికి నీల్లొదిలీసి పోవాల. పెట్టె నువ్వట్టుకుపో బావూ. అందలున్నావిడ్ని నాకిచ్చీ."

ఒప్పుకున్నాను. ఆయన కోసం ఒప్పుకున్నానో పెట్టె కోసం ఒప్పుకున్నానో అడక్కండి. రెండూ ఉన్నాయి.

కాలు తిరిగింది

డయాలసిస్ లేని రోజుల్లో వెళ్ళేవాణ్ణి. కూర్మయ్య జీడిచెట్టు కింద చాప మీద పడుకుని నా చేతులనే చూస్తుండేవాడు. కిటుకు పెట్టెతో కూర్చునేవాడికి తొందర పనికిరాదని మీకు అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడు ఆ మాట నాకే పెద్ద హింసగా తోచింది. ప్రతిసారీ ఆయన కాళ్ళు ఇంకొంచెం ఉబ్బి కనిపించేవి.

వేలి కణుపులతో నలువైపులా తట్టి విన్నాను. తలకిందులు చేశాను, అయస్కాంతం పెట్టి చూశాను, ఒరిస్సాలో నాలాంటి ఇంకో పిచ్చివాడికి వీడియో తీసి పంపాను. చివరికి ఒక సింహం పాదాన్ని పైకి లాగి తిప్పితే టక్కున సగం తిరిగింది. కూర్మయ్య మోచెయ్యి మీద లేచి కూర్చున్నాడు.

"తిరిగిందేటి?"

"తిరిగిందండి! ఇక పక్క చెక్క జరగాల, అంతే."

జరగలేదు. ఇటు నొక్కాను, అటు నొక్కాను. ఇంకో కిటుకు ఏదో మధ్యలో ఉందనుకున్నాను. బర్మా వడ్రంగుల తెలివిని మెచ్చుకుంటూ, మిగతా మూడు కాళ్ళ మీదా పడ్డాను. అవి కదలనే లేదు. ఒకసారి వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. ఆయాసం వచ్చి పలాసలో చేర్చారట. కొన్నాళ్ళకి తిరిగొచ్చాడు గాని, చాప దాకా ఇద్దరు పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. ఢిల్లమ్మ నన్ను బావి దగ్గరికి పిలిచింది.

"అన్నియ్యా, నిజం సెప్పు. అవుద్దా, అవ్వదా? అవ్వకపోతే అవ్వదనీసి సెప్పీ. ఆ మనిసి దీనిమీదే పేనం పెట్టుకు కూకున్నాడు."

"ఇంకొక్కసారి సూత్తానమ్మా," అన్నాను. నాకే నమ్మకం లేదు.

జీడినూనె

ఆ పూట ఎండ ఏటవాలుగా పెట్టె మీద పడుతోంది. తిరిగిన పాదం కింద సందులో ఏదో నల్లగా మెరిసింది. సూదితో గీకాను, రాలేదు. బ్లేడుతో గీకితే గాజు పెచ్చులాంటి చిన్న తునక ఊడింది. ఎక్కడో చూసిన మెరుపు. కంచె గుంజల మీద, పాక దూలాల మీద, పడవల అడుగున మా వైపు ఎక్కడ చూసినా అదే మెరుపు. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె అది. చెద పట్టకుండా, ఉప్పుగాలికి చెక్క చివికిపోకుండా ఉద్దానంలో ప్రతివాడూ రాస్తాడు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఎండితే ఇనుమే. కిరసనాయిలుకి లొంగదు, వేడికి లొంగదు.

"ఈ నూనె ఎవరు రాసినారు కూర్మయ్య గారూ?"

"నానే," అన్నాడు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత కళ వచ్చింది. "అయ్య పోయినకాడ్నించి ఒక్క ఏడూ మానలేదు. వానలకి ముందల దూలాలకి రాసి, పెట్టెకి కూడా పట్టించీవోణ్ణి. సెద తగిలితే పెద్దమ్మేటైపోద్ది? సందుల్లోకి దిగాలని గుడ్డముక్కతో నొక్కి నొక్కి రాసీవోణ్ణి."

ఢిల్లమ్మకి ముందు అర్థమైంది. "ఓలమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇన్నేళ్ళ పనిలో నేను చెప్పిన మాటలన్నిటిలో కష్టమైనది ఇప్పుడు చెప్పాలి. ఇంకేదో కిటుకుందని, ఇంకో వారం చూద్దామని ఆశపెట్టి లేచి వచ్చేయొచ్చు. ఆయన ఆ ఆశతోనే పోయేవాడు. అలా చెయ్యడానికి మనసొప్పలేదు.

"ఇందులో ఇంక కిటుకు మిగల్లేదండి. ఆ నూనె లోపలి గాడుల్లోకి దిగి గట్టిపడిపోనాది. చెక్క జరగదు. నేనే కాదు, దీన్ని చేసినోడొచ్చినా తెరవలేడు."

కూర్మయ్య తన అరచేతులు చూసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ నూనె తగిలి తగిలి నల్లబారిన చేతులు.

"అయితే నానే మూసీసినాను," అన్నాడు.

"మూసినారు, నిజమే. గాని ఆ నూనె లేకపోతే చెద ఎప్పుడో తినీసును. ఇవాళ తెరవమని అడగడానికి పెట్టే ఉండేది కాదు."

ఆయనకి ఆ మాట చెవిన పడిందో లేదో. చాలాసేపు జీడాకుల్లోంచి పైకి చూస్తూ పడుకున్నాడు. ఢిల్లమ్మ పాదాలు నొక్కుతూ కూర్చుంది. నేను నా సామాను సర్దుకోవాలో వద్దో తెలియక అక్కడే ఉండిపోయాను.

"అయ్య దెబ్బెయ్యొద్దన్నాడు," అన్నాడు చివరికి. "రంపంతో కోత్తే దెబ్బ తగుల్తాదా బావూ?"

"సన్న రంపం ఉంది నా దగ్గర. నెమ్మదిగా కోస్తే లోపల కదలను కూడా కదలదు."

"నీ పెట్టె పోతాది మరి."

"పోనివ్వండి."

నోటితో అన్నాను గాని ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, పెట్టె కోసమే వచ్చింది. అడుగు చెక్క కోస్తే చెక్కడం దెబ్బతినదు, పెట్టె సగం విలువైనా మిగులుతుంది. కాని లోపలి మూట అడుగునే ఉంటుంది, రంపం దాన్ని తాకొచ్చు. పైనుంచి కోస్తే మూటకి భయం లేదు, తామర తీగలు మాత్రం నిలువునా తెగిపోతాయి. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఎప్పుడో ఒక రోజు మీక్కూడా ఇలాంటి పెట్టె ఎదురవుతుంది. పైనుంచి కొయ్యండి.

ఆ రోజే కోశాను. కొబ్బరినూనె రాసుకుంటూ, ఆగి ఆగి. కూర్మయ్య ఎడమ చేతికి డయాలసిస్ సూదులు గుచ్చే నరం ఉంది, దాన్ని పక్కకి పెట్టుకుని కుడి చెయ్యి పెట్టె మీద ఉంచాడు. రంపం ఆడినంతసేపూ తీయలేదు. "పెద్దమ్మా, కూసింత ఓర్సుకో. అయిపోతంది, అయిపోతంది," అంటూనే ఉన్నాడు.

రెండు మూటలు

పైచెక్క లేచింది. లోపల ఒక మూట ఉంటుందనుకున్నాం. రెండున్నాయి.

పెద్దది ముతక చీర ముక్క. ఢిల్లమ్మ చాప మీద పెట్టి విప్పింది. ఎముకలు, బూడిద, రెండు వెండి మెట్టెలు. కూర్మయ్య దణ్ణం పెట్టాడు. రెండోది అరచేతిలో ఇమిడేంత. దాన్ని విప్పితే ఎముకలు లేవు. ఎర్రటి మన్ను. మా ఉద్దానం ఇసుక నేలలో అటువంటి మన్ను ఉండదు. ఆ మన్నులో తెగిన నల్లతాడు, దానికి చిన్న వెండి బిళ్ళ.

ఢిల్లమ్మ ఆ బిళ్ళని వేళ్ళతో తుడిచి చూసింది.

"ఇది సిగ్గుబిల్ల. మా సిన్నప్పుడు ఆడగుంటలికి మొలతాడుకి కట్టీవోరు," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "సంటిపిల్లల్ని కాల్సరు గదా, పాతెడతారు. పాతినకాడి మన్ను తెచ్చుకున్నాడు మావ."

కూర్మయ్య ఆ బిళ్ళని అరచేతిలో పెట్టించుకుని గుప్పిట మూశాడు. దాలయ్య రేపు, ఎల్లుండి అంటూ ఎందుకు గడిపేశాడో, అమావాస్యలకి ఆ పాకలో ఎవరి దగ్గర కూర్చున్నాడో మా ముగ్గురికీ అప్పుడు అర్థమైంది. భార్య సంగతి కొడుక్కి చెప్పగలిగాడు. కూతురి సంగతి చెప్పలేకపోయాడు.

"అయ్య ఇంత మోసుకొచ్చినాడు," అన్నాడు కూర్మయ్య. అప్పుడు ఏడ్చాడు.

పెట్టె ముక్కలు నాకొద్దన్నాను. ఏం చేశారో అడగలేదు.

సముద్రం ఒడ్డున

మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్ళాం. ఒడ్డున వల సర్దుకుంటున్న బెస్తలు మమ్మల్ని చూసి పక్కకి జరిగారు. కూర్మయ్యని ఒక వైపు ఢిల్లమ్మ, ఒక వైపు నేను పట్టుకుని మోకాలి లోతు దాకా నడిపించాం. కెరటం వచ్చినప్పుడల్లా తూలిపోతున్నాడు, అయినా ఆగమనలేదు.

ముందు పెద్ద మూట. "నీలమ్మ పెద్దమ్మా," అని పేరు పెట్టి పిలిచి కలిపాడు. మూడుసార్లు దోసిటతో నీళ్ళు వదిలాడు. ఆ తర్వాత చిన్న మూట చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"పేరు తెల్దు గదా. ఏటని పిలుత్తావు?" అంది ఢిల్లమ్మ.

"అప్ప అంటాను. నాకన్నా ముందు పుట్టినాది, ఇంకేటంటాను?"

ఎర్రమన్ను నీళ్ళలో పడి కాసేపు ఎర్రగా కనిపించి కలిసిపోయింది. బిళ్ళ కూడా వదిలేశాడు. "అప్పా," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు, ఈసారి గట్టిగా, వీధి చివర ఆడుకుంటున్న మనిషిని అన్నానికి రమ్మన్నట్టు. ఒడ్డున బెస్తలు వల వదిలేసి నిలబడిపోయారు. ఆయన మూడోసారి పిలిచి, దోసిలి పట్టి నీళ్ళొదిలాడు.

వెనక్కి తిప్పి నడిపిస్తుంటే నా భుజం మీద బరువంతా వేసి, సముద్రం వైపే చూస్తూ అన్నాడు.

"ఇన్నేల్లూ మా అయ్యకి పెద్దబిడ్డని నానే అనుకున్నాను బావూ. బిడ్డలందరికన్నా ముందల నానే ఎల్లిపోవాలేమో అనుకుని బయపడ్డాను. అప్ప ఎప్పుడో ఎల్లి కూకున్నాది."